స్టేషన్ అరుగు మీద మా అవ్వ

నా చిన్నప్పుడు మా పల్లెలోకి ఖాకీ బట్టలు వస్తున్నాయని తెలిస్తే చాలు, మగవాళ్లంతా కంది చేలల్లోకి పోయేవాళ్లు. తప్పు చేసి పోయేవాళ్లు కాదు. చేయకపోయినా పోయేవాళ్లు. ఆడవాళ్లు గడపల్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు తలలు వంచుకుని, అడిగిన ప్రతిదానికీ లేడు, పోయినాడు, తెలవదు అని చెప్పేవాళ్లు. మాకు అక్షరాలు రాకముందే ఆ మాటలు వచ్చాయి. పోలీసాయన నవ్వుతూ పలకరిస్తే ఇంకా జాగ్రత్తగా ఉండాలని మా అమ్మ నాకు చెప్పేది. తిట్టేవాడి మనసులో ఏముందో తెలుస్తుంది, నవ్వేవాడి మనసులో ఏముందో తెలియదు అనేది.

మాది మార్కాపురానికీ కొనకనమిట్లకూ మధ్య వానమీద బతికే ఊరు. కంది, జొన్న పండితే పండినట్టు, లేకుంటే లేదు. పొలం పని లేని నెలల్లో మా పల్లె మగవాళ్లు పలకల రాయి తీసే గనికి కూలికి పోయేవాళ్లు. బడిలో మేము రాసుకునే పలకలు ఆ రాతితో చేసినవే. మా నాయన ఆ ఏడు పని వెతుక్కుంటూ వేరే జిల్లాకు పోయాడు. ఇంట్లో మా అమ్మ, నేను, మా అవ్వ, పెళ్లికాని మా చిన్నాయన ఉండేవాళ్లం. చిన్నాయన గనిలో పనిచేసేవాడు.

మా అవ్వ అంటే మా నాయన తల్లి. మా పల్లె సంఘంలో ఆమె పెద్ద. చదువు తక్కువే అయినా వాక్యం బాగా తెలిసిన మనిషి. రోగులున్న ఇళ్లకు పోయి ప్రార్థన చేసేది. పాస్టరు గారు రాని ఆదివారం ఆమే ఆరాధన నడిపేది. జబ్బు పడినవాళ్ల కోసం, వాన కోసం, గనికి పోయినవాళ్లు క్షేమంగా ఇల్లు చేరడం కోసం ప్రార్థించాక, ఆఖర్న మమ్మల్ని ఏలే అధికారుల కోసం అంటూ మొదలుపెట్టేది. తాసిల్దారు గారికి మంచి బుద్ధి ఇమ్మనేది. ఊరి ప్రెసిడెంటు ఇంట్లోవాళ్లకు ఆరోగ్యం ఇమ్మనేది. ఎస్సై గారి చేతులు అన్యాయానికి లేవకుండా కాపాడమనేది. ఆ చివరి మాట దగ్గర ఆమేన్ అనేవాళ్ల గొంతులు పలచబడేవి. ఒక ఆదివారం, లాఠీ దెబ్బలు తిన్న ఒక పెద్దాయన ఉండబట్టలేక అడిగేశాడు.

"మన వీపులు పగలగొట్టేటోళ్ల కోసం ప్రార్థన ఏందత్తా?"

"వాళ్లకే ఎక్కువ కావాల గదా నాయనా," అంది అవ్వ.

కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకంటే అంతకు ముందు వారమే మార్కాపురం బస్సు ఆగేచోట మా అవ్వ కొత్తగా వచ్చిన ఎస్సై గారితో నిలబడి మాట్లాడడం చూశానని టీ బంకు ఆయన అందరికీ చెప్పాడు. ఏం మాట్లాడిందో ఆమె ఇంట్లో చెప్పలేదు. మాకు తెలిసినంతవరకు పోలీసులతో మాట్లాడే పని రెండు రకాల మనుషులకే ఉంటుంది. దెబ్బలు తినేవాళ్లకు, కబురు మోసేవాళ్లకు. మా అవ్వ దెబ్బలు తినలేదు.

అట్లాంటి రోజుల్లోనే గని దగ్గరి కొట్టంలో రాయి పేల్చే మందు, తూటాలు మాయమయ్యాయి. కాంట్రాక్టరు స్టేషన్‌కు పోయి చెప్పాడు. తాళం ఎక్కడ పెడతారో తెలిసినవాళ్లే తీసి ఉండాలన్నారు. అంతకు కొద్ది రోజుల ముందు తోటి కూలీకి రాయి తగిలి చెయ్యి విరిగితే, ఆసుపత్రికి బండి కట్టలేదని మా చిన్నాయన మేస్త్రీతో గట్టిగా పోట్లాడాడు. ఇంకేం కావాలి? అందరి నోళ్లలోనూ చిన్నాయన పేరే పడింది.

నాకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి ఉంది. దొంగతనం జరిగిందన్న రాత్రి గడిచి తెల్లవారాక నేను దొడ్లోకి వెళ్లినప్పుడు చిన్నాయన కంచె దూకి లోపలికి వచ్చాడు. బట్టలన్నీ దుమ్ము. రెండు అరచేతులూ తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి నోటిమీద వేలు పెట్టి, నీళ్ల తొట్టిలో చేతులు ముంచుకుని, ఏమీ ఎరగనట్టు పోయి మంచమ్మీద పడుకున్నాడు. నాకు చిన్నాయన అంటే ప్రాణం. గని నుంచి వచ్చేటప్పుడు నున్నటి రాతిబిళ్లలు ఏరుకొచ్చి ఆడుకోమని ఇచ్చేవాడు. అట్లాంటి మనిషి వైపు ఆ తర్వాత ముఖం ఎత్తి చూడలేకపోయాను. అన్నం తినేటప్పుడు ఆయన చేతుల వైపే చూసేదాన్ని.

ఆ వారంలోనే మా పల్లెలోకి జీపు వచ్చింది. మగవాళ్లు ఎప్పట్లాగే చేలల్లోకి పోయారు, చిన్నాయన కూడా. ఎస్సై గారు దిగారు. వయసులో చిన్నవాడు, పొడుగరి, ముఖంలో ఏ మూలా నవ్వు లేదు. ఇంటింటి ముందు ఆగి మా చిన్నాయన గురించి అడిగారు. గుంటూరు పోయాడని ఒకరు, చుట్టాలింటికి పోయాడని ఒకరు చెప్పారు. మా పక్కింటామె ఆయన కాళ్ల మీద పడి, మాకేమీ తెలవదు దొరా అని ఏడ్చింది. ఆ తర్వాత ఆయన మా గడప ముందుకు వచ్చారు. అవ్వ కూర్చున్నది లేచి నిలబడింది. తల మీద కొంగు సర్దుకుని రెండు చేతులూ జోడించింది.

"నీ కొడుకేడీ?"

"ఉన్నాడయ్యా. చేనికాడ ఉన్నాడు."

 మా అమ్మ నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందో నాకు ఇంకా గుర్తుంది. జీపు పక్కనున్న పోలీసు అప్పుడే పరిగెత్తబోయాడు.

"ఆ ఎండలో చేలంతా తొక్కబాకండయ్యా," అంది అవ్వ. "రేపు పొద్దున్నే నేనే తీసుకొస్తా."

ఎస్సై గారు ఆమెను పైనుంచి కిందికి చూశారు. "ఈలోపల పారిపోనిస్తావా?"

"పంపిచ్చేదాన్నయితే ఉన్నాడని చెప్పను గదయ్యా."

అక్కడున్న పోలీసు, పక్కింటామె పడినట్టే కాళ్ల మీద పడమని కళ్లతో సైగ చేశాడు. అవ్వ కదలలేదు. చేతులు మాత్రం జోడించే ఉంచింది. "మొక్కేది దేవునికే అయ్యా. మీకు దండం పెడతాండా," అంది. ఆ మాటలో పొగరు లేదు, భయమూ లేదు. ఎస్సై గారికి ఆ రెండూ లేని మాట ఎట్లా తీసుకోవాలో తెలిసినట్టు లేదు. రేపు పొద్దున్నే అని వేలు చూపించి జీపు ఎక్కారు.

ఆ సాయంత్రం మా ఇంటి ముందు ఎవరూ ఆగలేదు. ఆగకుండానే అందరూ ఒకటే అన్నారు, కన్న కొడుకునే పట్టిచ్చిందని. బస్సు దగ్గరి మాటలు మళ్లీ లేచాయి. ఆ రోజే ఒప్పందం కుదిరి ఉంటుందని ఒకరన్నారు. మా అమ్మ ఏడుస్తూ పొయ్యి ముందు కూర్చుంది. అవ్వ చిన్నాయనను ఎదుట కూర్చోబెట్టుకుని, ఆ పని నువ్వు చేసినావా అని అడిగింది. లేదన్నాడు. మరి ఆ రోజు యాడికి పోయినావు అంటే మాత్రం తల దించుకున్నాడు. అవ్వ చాలాసేపు ఆయన ముఖం చూసింది గానీ రెట్టించి అడగలేదు. అంతా చూస్తున్న నాకు ఒక్కరి మీద కూడా నమ్మకం మిగల్లేదు. చిన్నాయన దాస్తున్నాడు. అవ్వ పోలీసులతో కలిసింది. అమ్మకు ఏడవడం తప్ప ఏమీ చేతకాదు. చిన్నపిల్లకు అంతకంటే పెద్ద ఒంటరితనం ఉండదు.

పొద్దున లేచేసరికి చిన్నాయన పారిపోయి ఉంటాడనుకున్నాను. పోలేదు. తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని గడపలో నిలబడి ఉన్నాడు. తన తల్లి మాటిచ్చింది గదా అన్నాడంట. అవ్వ సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభురాత్రి భోజనానికి మాత్రమే కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. పోలీసులకోసం ఆ చీరా అని నాకు ఒళ్లు మండింది. అంతలో ఆమె నన్ను కూడా బయలుదేరమంది. మా అమ్మ అడ్డుపడితే, "పసిబిడ్డ ఎదురుగా ఉంటే వాళ్ల నోరూ చెయ్యీ కొంచెం అదుపులో ఉంటాయి," అంది. ఆ మాట అప్పుడు నా చెవిన పడింది గానీ, దాని అర్థం సాయంత్రానికి గానీ తెలియలేదు.

స్టేషన్ అంటే పెంకుల కొట్టం, ముందర రాతి అరుగు, పక్కన కానుగ చెట్టు. అవ్వ అరుగు ఎక్కి, ఎస్సై గారు వచ్చేదాకా నిలబడి, వచ్చాక దండం పెట్టి చెప్పింది.

"అయ్యా, చెప్పిన మాట ప్రకారం తీసుకొచ్చినా. వాణ్ని మీ చేతుల్లో పెడతాండా. ఎట్ల తెచ్చినానో అట్ల తీసుకపోతా."

"సరే, నువ్వు ఇంటికి పో. పని అయినాక పంపిస్తాం."

"మంచిదయ్యా," అంది అవ్వ. ఇంటికి పోకుండా అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

చిన్నాయనను వెనక గదిలోకి తీసుకుపోయి తలుపు వేశారు. ఒక పోలీసు వచ్చి ఇక్కడ కూర్చోకూడదన్నాడు. అవ్వ అరుగు దిగి మెట్టు మీద కూర్చుంది. మెట్టు మీద కూడా కాదన్నాడు. అయితే యాడ కూచోమంటారో చూపించండయ్యా అని ఎంతో మర్యాదగా అడిగింది. అతనికి చూపించే చోటు దొరకలేదు. గొణుక్కుంటూ లోపలికి పోయాడు. ఆమె మళ్లీ అరుగు మీదికి వచ్చింది.

ఎస్సై గారు బయటికి వచ్చిన ప్రతిసారీ అవ్వ లేచి నిలబడేది. ఆయన జీపు దగ్గరకు పోతే లేచేది, వెనక్కి వస్తే లేచేది. మోకాళ్ల నొప్పుల మనిషి, స్తంభం పట్టుకుని లేవాలి. ఆయన లోపలికి పోయాకే కూర్చునేది. చూసేవాళ్లకు అది భయమో, వినయమో, వెటకారమో తెలిసేది కాదు. నాకూ తెలియలేదు. ఆయనకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంటున్నట్టుంది. ఎండ ఎక్కే వేళకు ఇక ఆగలేక నిలదీశారు.

"ఏందిది? మాటిమాటికీ లేస్తావు? ఏళాకోళమా?"

"కాదయ్యా. మీరు కూచునే కుర్చీకి లేస్తాండా. ఆ కుర్చీ దేవుడిచ్చినాడని మా నమ్మకం. ఆయన ఇచ్చిన కుర్చీలో కూచొని మీరు తప్పు చెయ్యరనే ఈడ కూచున్నా."

ఆయన ఆమె ముఖంలో ఏదో వెతుకుతున్నట్టు చూశారు. ఇంతకాలానికి అనిపిస్తుంది, మేము ఆయనను అనుమానించినట్టే ఆయన కూడా మమ్మల్ని అనుమానించి ఉంటారు. ఇంత మర్యాద వెనక ఏముందా అని. లోపలికి పోయి ఎవరినో గదమాయించారు. కాసేపటికి చూస్తే, అంతదాకా మూసి ఉన్న వెనక గది తలుపు తెరిచి ఉంది. గోడకు ఆనుకుని నిలబడ్డ చిన్నాయన భుజం మాకు కనబడుతోంది.

మధ్యాహ్నం ఒక పోలీసాయన నాకు బన్ను తెచ్చి ఇచ్చాడు. పెద్ద వయసు, తెల్ల మీసాలు, నవ్వు ముఖం. నేను తీసుకోలేదు. అవ్వ తీసుకోమంది, వందనాలు చెప్పమంది. చెప్పాను గానీ తినలేదు, చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆయన నా పక్కన కూలబడి ఏ క్లాసు, ఎన్ని పద్యాలు వచ్చు అని అడిగాడు. అడుగుతూ అడుగుతూనే, మొన్న గనిలో దొంగలు పడినారే, ఆ రాత్రి మీ చిన్నాయన ఇంట్లోనే పడుకున్నాడా పాపా అన్నాడు. బన్ను దేనికి వచ్చిందో తెలిసిపోయింది. నాకు తెలవదు అన్నాను. ఎన్నోసార్లు నేర్చుకున్న మాట, తడుముకోకుండా వచ్చింది. కానీ తెలియనివాళ్లు చెప్పినట్టు రాలేదు. గుమ్మంలో నిలబడి వింటున్న ఎస్సై గారు ముందుకు వచ్చారు. ఈసారి ఆయనే అడిగారు, అదే ప్రశ్న, నవ్వు లేకుండా.

అవ్వ స్తంభం పట్టుకుని లేచింది. నేను ఆమె ముఖంలోకి చూశాను. అబద్ధం చెప్పమని కంటితో ఒక్క సైగ చేస్తుందేమోనని చూశాను. చేస్తే చాలు, ప్రాణం పోయినా చెప్పేదాన్ని.

"లేచి నిలబడు తల్లీ," అంది. "అయ్యగారు అడుగుతాండారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

లేచి నిలబడ్డాను. "లేడు. తెల్లారినాక కంచె దూకి వచ్చినాడు. చేతులు కొట్టుకపోయినాయి," అన్నాను.

తెరిచిన తలుపులోంచి చిన్నాయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అయిపోయిందిలే అన్నట్టుంది. నా భుజం మీదున్న అవ్వ చెయ్యి బరువెక్కింది. ఆ సంగతి ఆమెకు అంతవరకు తెలియదని నాకు అప్పుడు అర్థమైంది. ఎస్సై గారు దొంగ దొరికాడన్నట్టు తలాడించి గిర్రున లోపలికి తిరిగారు. చేతులు చూపించరా అన్న అరుపు, బల్ల మీద లాఠీ కొట్టిన చప్పుడు వినబడ్డాయి. ఆ చప్పుడుకు కానుగ చెట్టు కింద నిలబడ్డ వేరే ఊరివాళ్లు కూడా దూరం జరిగారు.

అవ్వ దూరం జరగలేదు. నన్ను పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. గడప దాటలేదు. అక్కడే నిలబడి పిలిచింది.

"అయ్యా."

"ఏంది?"

"మా ఇంటికి చెడు జరుగుతుందని తెలిసిగూడా నా బిడ్డ మీకు అబద్ధం చెప్పలా. మీ కుర్చీకి ఇంతకంటే ఏం మర్యాద ఇయ్యగలం మేము? ఇంగ నా కొడుకు చెప్పేది గూడా కొట్టకుండా ఇనండి."

"నాకు పని నేర్పుతాండావా?"

"నేర్పడం కాదయ్యా, అడుక్కుంటాండా. మిమ్మల్నిగాక ఇంగెవుర్ని అడగాల నేను?"

లాఠీ మళ్లీ చప్పుడు చేయలేదు. ఆ నిశ్శబ్దంలో లోపలినుంచి చిన్నాయన గొంతు వినబడింది. ఏడుపు గొంతు.

"సినిమాకు పోయినా సార్. కొనకనమిట్లకు. మా అమ్మకు చెప్పబాకండి సార్."

ఆమె గుమ్మంలోనే ఉందన్న సంగతి ఆ తొందరలో మరచిపోయాడు. మీసాల పోలీసాయన ముఖం పక్కకు తిప్పుకుని నవ్వుకోవడం నేను చూశాను. సినిమా పాపమని మా ఇంట్లో ఎవరూ పోకూడదు. సినిమాకు పోయినందుకు ఒక కుర్రవాడిని సంఘంలో పాడే పాటల గుంపులోంచి తీసేయించింది మా అవ్వే. తన కొడుకే పోయాడని తెలిస్తే సంఘంలో ఆమె తల ఎత్తుకోలేదని చిన్నాయన భయపడ్డాడు. పోలీసు దెబ్బకంటే ఆ భయమే పెద్దదయింది.

మిగతాదంతా చిన్నాయన ఒక్కగుక్కలో చెప్పాడు. టూరింగ్ టాకీసు డేరాలో సినిమా సగంలో ఉండగా పెద్ద గాలి లేచింది. ఒక పక్క గుంజలు ఊడి డేరా ఒరిగింది. ఆడవాళ్లు, పిల్లలు కేకలు పెడుతుంటే చిన్నాయన, ఇంకొందరు తాళ్లు పట్టుకుని అందరూ బయటపడేదాకా డేరాను ఆపారు. అరచేతుల తోలు ఆ తాళ్లకు లేచిపోయింది. గాలి తగ్గాక డేరా విప్పి సర్దేసరికి తెల్లవారింది.

ఎస్సై గారు నమ్మినట్టు కనబడలేదు. నమ్మడం వాళ్ల పనికాదు కూడా. కానీ కొట్టలేదు. మీసాల పోలీసాయనను సైకిలు మీద కొనకనమిట్లకు పంపించారు. అతను తిరిగి వచ్చేదాకా మేము మళ్లీ అరుగు మీద కూర్చున్నాం. అవ్వ పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి. నేను చెప్పిన నిజం చిన్నాయనను కాపాడుతుందో ముంచుతుందో తెలియక, చేతిలో బన్నును నలిపి పొడి పొడి చేశాను.

ఎండ వాలాక సైకిలు వచ్చింది. డేరా యజమానికి మా చిన్నాయన బాగా గుర్తున్నాడంట. ఆ పిల్లోడు తాడు వదిలి ఉంటే డేరా జనం మీద పడేదని, తెల్లారేదాకా తన దగ్గరే ఉన్నాడని చెప్పాడంట. ఎస్సై గారు విన్నారు. చిన్నాయనను బయటికి తోలి, పిలిస్తే మళ్లీ రావాలన్నారు. పొరపాటయిందని అనలేదు. ఆ మాట కోసం అవ్వ ఎదురుచూసినట్టు కూడా లేదు. లేచి చేతులు జోడించింది.

"దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాల అయ్యా. ఆదివారం మీ కోసం ప్రార్థన చేస్తాము."

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఎందుకు? ఏం కావాల నీకు?"

"ఏమొద్దయ్యా. చేస్తానే ఉన్నాం. మీరు బస్సు కాడ దిగిన రోజు గూడా అదే చెప్పినా గదా, కొత్తగా వచ్చినారు, మా సంఘంలో మీ పేరు చెప్పి ప్రార్థన చేస్తామని. మీరు తొందరలో ఉన్నారు."

బస్సు దగ్గర జరిగిన మాటలు అవి. పల్లె అంతా వారం రోజులు నమిలిన మాటలు.

ఇంటికి నడిచేటప్పుడు చిన్నాయన మాకంటే చాలా ముందు నడిచాడు. సినిమా సంగతి ఇంటికి పోయినాక మాట్లాడదాం అని అవ్వ అన్నది మరి. మధ్య దారిలో ఆమె మోకాలు పట్టేసి ఒక రాయి మీద కూర్చుంది. అప్పుడు అడిగాను, పొద్దుట్నుంచి నన్ను తొలుస్తున్న మాట.

"అవ్వా, నువ్వు ఆ ఎస్సైని నమ్మినావా?"

"నమ్మలా," అంది వెంటనే. "నమ్మింటే వాణ్ని ఆడ వదిలిపెట్టి ఇంటికొచ్చి వండుకునేదాన్ని గదా. నిన్నెందుకు తీసుకపోతా?"

"మరి లేచి నిలబడితివే?"

"మర్యాద ఇచ్చినా. నమ్మకం వేరే తల్లీ, మర్యాద వేరే. మర్యాద ఇయ్యమని ప్రభువు చెప్పినాడు. కండ్లు మూసుకోమని చెప్పలా."

కథ అక్కడితో బాగుపడి ఉంటే ఎంత బాగుండేది! బాగుపడలేదు. చిన్నాయన ఒంటి మీద దెబ్బ లేకుండా తిరిగి రావడమే మా పల్లెకు కొత్త అనుమానమైంది. స్టేషన్‌కు పోయినవాడు దెబ్బలు తినకుండా ఎట్లా వస్తాడు? ఎవరో ఒకరి పేరు చెప్పే ఉంటారన్నారు. బుధవారం ప్రార్థనకు మా ఇంటికి రావలసిన ఆడవాళ్లు రాలేదు. అవ్వ చాప పరిచి, నన్నూ మా అమ్మనూ కూర్చోబెట్టుకుని ప్రార్థన చేసింది. ఆదివారం ఎస్సై గారి పేరు రాగానే ఆ దెబ్బలు తిన్న పెద్దాయన లేచి బయటికి పోయాడు. అవ్వ గొంతు ఆగలేదు. ప్రార్థన అయిపోయాక తన కొడుకు సినిమాకు పోయిన సంగతి అందరి ముందూ తానే చెప్పి, పాటల గుంపులోంచి తీసేసిన ఆ కుర్రవాడిని మళ్లీ పాడమని పిలిచింది. దాన్ని కూడా ఎత్తుగడే అన్నారు కొందరు. మందు, తూటాలు ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఊళ్లో ఎవరికైనా తెలుసునేమో కూడా తెలియదు.

కొన్ని నెలలకు, ఏదో తగాదాలో మా పక్కింటామె కొడుకుకు స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. ఎస్సై గారి కాళ్ల మీద పడి ఏడ్చిన ఆమే. మా అవ్వ గురించి అందరికంటే ఎక్కువ మాట్లాడింది కూడా ఆమే. తెల్లవారగానే మా గడప ముందు నిలబడింది. "అక్కా, నాతో రా," అని మాత్రం అంది. అవ్వ లోపలికి పోయి ఆ తెల్లచీర కట్టుకుని వచ్చింది. సాయంత్రం వాళ్లు ముగ్గురూ నడిచి వస్తుంటే పల్లె గడపల్లో నిలబడి చూసింది. ఆ కుర్రవాడు రెండు దెబ్బలు తిన్నాడు, అవ్వ పోయేలోపలే. ఆమె ఆ సంగతి కూడా ఎస్సై గారి ముఖం మీదే చెప్పిందంట, చేతులు జోడించే. ఆ తర్వాత మా పల్లెలో ఎవరికి పిలుపు వచ్చినా కంది చేలల్లోకి పోవడం తగ్గింది. ఎవరో ఒక పెద్దమనిషి వెంట పోయి అరుగు మీద కూర్చునేవాళ్లు.

అవ్వ పోయి చాలా కాలమైంది. నేను పంతులమ్మనై కనిగిరి వైపు బళ్లలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. సంఘంలో అధికారుల కోసం ప్రార్థన ఇప్పుడు నా వంతు. చదువుకున్న కుర్రకారు అడుగుతారు, వాళ్లమీద మీకంత నమ్మకమా మేడం అని. లేదని చెబుతాను. ఖాకీ బట్టను చూస్తే ఇప్పటికీ నా నోటికి ముందు తెలవదు అన్న మాటే వస్తుంది. పోయిన నెల హనుమంతునిపాడు నుంచి వచ్చిన ఒక తల్లి, ఆఫీసులో తన మాట వినడం లేదని, తోడు రమ్మని అడిగితే వెళ్లాను. అధికారి మాకంటే ఎంతో చిన్నవాడు. ఆయన గదిలోకి రాగానే లేచి నిలబడ్డాను. నమస్కారం పెట్టాను. ఆమె పని ఏమిటో, అది ఎన్నాళ్లుగా ఆగిపోయి ఉందో నెమ్మదిగా చెప్పాను. రేపు రండి అన్నాడు. మంచిదండీ అని, ఆ తల్లి చెయ్యి పట్టుకుని, ఆయన తలుపు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను.